వానకాలపు రొంప - బడిపిల్లల సంరక్షణము



నేడు నేను మీకు మనవి చేయబూనిన విషయము పైకి మిక్కిలి స్వల్పముగ కనబడును. అది రొంప. దీనినే కొందరు పడిశమందురు, కొందరు జలుబందురు. మందు వేసికొన్నచో వారము దినములు, వేసికొననిచో ఏడు దినములు ఉండి పోవునని మన యిండ్లలో దీనినిగూర్చి పరిహాసముగ చెప్పుకొనుట కలదు. ఆ పరిహాసములో సత్యము లేకపోలేదు. కాని బడి యనునది ఒక యిల్లు కాదు. ముప్పది నలువది యిండ్ల బిడ్డలు ఒక గదిలో చేరి, ఒక బల్లపై భుజములు రాచుకొని కూర్చుండు చోటు. అచట ఒకని ముక్కు కారుట ఒకనితో ముగియదు. రొంపగ మొదలిడినట్లు కనబడినది ఇన్‌ఫ్లుయెంజా యైనచో, అది బిడ్డవెంట ఇంటికి వచ్చి మంచముపైనున్న ముసలివారిని, ఒడిలోనున్న పసివానిని పట్టును. కావున ఈ విషయము వైద్యునికంటె ముందుగ ఊరిపెద్దలకు సంబంధించినదని నా యభిప్రాయము. ఏలనో చెప్పెదను.

మా అప్పనపల్లి కోనసీమలో, మామిడికుదురు మండలమున, వైనతేయ గోదావరి యొడ్డున ఉన్నది. వినతాసుతుడైన గరుత్మంతుని పేర ప్రసిద్ధమైన యీ పాయ చెంతనే బాలబాలాజీ స్వామివారి ఆలయము కలదు. స్వామి దర్శనమునకు దూరపు ఊళ్ళనుండి యాత్రికులు వచ్చుచుందురు. చుట్టును కొబ్బరితోటలు, తోటలనడుమ కాలువలు, ఏటిలో లంకలు. చూచువారికి కన్నులపండువు. అయినను జూన్ నెల రెండవ వారమున బడులు తెరచుటయు, తొలకరి వానలు పడుటయు దాదాపుగ ఒక్కమారే జరుగును. జూలై, ఆగస్టు మాసములలో గోదావరికి వరద వచ్చును. 2022 జూలై వరదలో లంకలెట్లు మునిగెనో, కాజ్‌వేలపై నీరెట్లు పారెనో మీలో పెక్కురు కన్నులార చూచినవారే. అట్టి దినములలో కొన్నిచోట్ల బడిగదులే వరదబాధితులకు తలదాచుకొను తావులగును. అవి గడచునప్పటికి ఈశాన్యపు వానలు, తుపానులు. పిదప ధనుర్మాసపు మంచు. ఇట్లు బడి తెరచినది మొదలు సంక్రాంతి దాటువరకు మన పిల్లలకు రొంపకాలమే. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా వానకాలమున ఒకమారును, జనవరి మార్చి నెలల నడుమ ఒకమారును విజృంభించునని వైద్యశాఖవారు చెప్పుచున్నారు.

"వానలో తడిసినందున బిడ్డకు రొంప పట్టినది" అని తల్లులందురు. దీనిని కొంచెము విమర్శించి చూడవలయును. వాననీటిలో రొంప లేదు. రొంపకు మూలము వైరసు అను అతిసూక్ష్మ పదార్థము. సామాన్యమైన సూక్ష్మదర్శినికి సైతము అది కానరాదు. రొంపను కలిగించు వైరసులు 200 రకములకు పైబడియున్నవి. ఇన్‌ఫ్లుయెంజాకు కారణమైనది వేరొక జాతి. దానిని 1933లో లండను నగరమున విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రోగి గొంతుకనుండి తీసిన ద్రవమును వారు ముంగిసను పోలిన ఫెర్రెట్ అను జంతువు ముక్కులో వేయగా దానికి జబ్బు చేసెను. పిమ్మట అట్టి జంతువొకటి విల్సన్ స్మిత్ మొగముమీద తుమ్మెను. ఆయనకు జ్వరము వచ్చెను. ఈ వ్యాధి తుమ్మునుండి ముక్కునకు ప్రాకుననుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము వేరొకటి యేల?

మరి వానకును రొంపకును సంబంధము లేదా? కలదు. వాన కురియగనే బడిలో కిటికీలు మూయుదుము. ఆటస్థలము చిత్తడియగుటచే పిల్లలందరు గదిలోనే యుందురు. తడిబట్టలతో ఒకరినొకరు ఒరసికొని కూర్చుందురు. ఒకడు విడిచిన గాలినే పదుగురు పీల్చుదురు. తుమ్మినప్పుడును, దగ్గినప్పుడును, బిగ్గరగ పాఠము చదివినప్పుడును సయితము నోటినుండి సన్నని తుంపురులు వెడలి చుట్టునున్నవారిపై పడును. కొన్ని గాలిలో తేలుచుండును. బల్లలపైనను, తలుపు గొళ్ళెములపైనను పడినవి ఒకటి రెండు దినములవరకు జీవముతో నుండగలవు. బిడ్డ ఆ బల్లను ముట్టి, ఆ చేతితోనే ముక్కు నలిపికొనును, కన్ను తుడిచికొనును, కలము మూత నోట కరచును. ఇక వ్యాధికి రాజమార్గము ఏర్పడినట్లే.

ఇది పాశ్చాత్యులు చెప్పిన క్రొత్త సంగతి యని తలపకుడు. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున, ఒకరినుండి ఒకరికి సంక్రమించు రోగముల ప్రసక్తి కలదు. శరీరస్పర్శము, నిశ్వాసము, సహభోజనము, ఒకే శయ్యపై ఒకే ఆసనముపై నుండుట, ఒకరి వస్త్రమాల్యములను మరియొకరు ధరించుట మున్నగు వానిచే జ్వరాదులు ప్రాకునని ఆ మహనీయుడు చెప్పెను. చరకసంహిత విమానస్థానమున జనపదములనే పాడుచేయు రోగములకు గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగును చెడుట కారణమని చెప్పబడినది. కంటికి కనబడని వైరసును వారెరుగరు. కాని రోగము నడచు దారిని కనిపెట్టిరి.

శాస్త్రములు చదువని మన అవ్వలకును ఈ దారి తెలియును. దానికి వారు పెట్టిన పేరు ఎంగిలి. ఒకరు నోట పెట్టిన గ్లాసు మరియొకరు పెట్టరాదు. బయటినుండి వచ్చినవాడు కాళ్ళుచేతులు కడిగికొననిదే వంటయింట అడుగిడరాదు. ముక్కు చీదిన చేతితో అన్నము ముట్టరాదు. ఈ నియమములన్నియు ఇంటిగుమ్మము దాటగనే మన పిల్లలు మరతురు. ఒక కొబ్బరిబొండమును ముగ్గురు త్రాగుదురు. చొక్కా అంచు అడ్డుపెట్టి కొరికి, "ఇది కాకెంగిలి, దోషము లేదు" అని జీళ్ళు పంచుకొందురు. స్నేహము మెచ్చదగినదే. కాని చొక్కా గుడ్డకు జంకి వైరసు వెనుదీయదు.

ఇంత చిన్నవ్యాధికి ఇంత హెచ్చరిక యేల యందురా? ఇన్‌ఫ్లుయెంజా యెల్లప్పుడును చిన్నదిగ నుండలేదు. 1918 జూన్ నెలలో బొంబాయి రేవున కాపలాయున్న సిపాయిలు జ్వరపీడితులై ఆసుపత్రిలో చేరిరి. ఆ జ్వరము రైలుమార్గముల వెంబడి దేశమంతట ప్రాకినది. సెప్టెంబరునుండి రెండవమారు ఘోరరూపము దాల్చినది. మన దేశమున తక్కువలో తక్కువ 1 కోటి 20 లక్షలమంది చనిపోయిరని చరిత్రకారులు అంచనా వేసిరి. అందు పడుచువారే అధికులు. 1911లో 25 కోట్ల 21 లక్షలున్న జనసంఖ్య 1921లో 25 కోట్ల 13 లక్షలకు దిగినది. మన జనాభా లెక్కల చరిత్రలో పదియేండ్లలో జనము తగ్గుట అదొక్కమారే. 1957 మే నెలలో సింగపూరునుండి వచ్చిన ఓడ ద్వారా మరియొక ఇన్‌ఫ్లుయెంజా మదరాసు రేవున దిగి దేశమున వ్యాపించెను. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ అను క్రొత్తరకము మన దేశమున మొదట హైదరాబాదులోనే బయల్పడెను. ఆ యేడు ఆగస్టులో దానివలన దేశమున తొలుత చనిపోయినది పూనా నగరమునందలి 14 యేండ్ల బడిపిల్ల.

ఇక 2020 సంగతి చెప్పనక్కరలేదు. కరోనా వేరుజాతి వైరసు. ఐనను అది నడచిన దారి యిదియే. ఆ సంవత్సరము మార్చిలో మూతపడిన మన బడులు నవంబరు 2వ తేదీన పెద్దతరగతులకు మాత్రము తెరువబడినవి. చిన్నపిల్లలు అంతకంటె ఎక్కువకాలము బడి మొగమెరుగక యుండిరి. ఎక్కములు మరచినవారు, అక్షరములు కూడ మరచినవారు వారిలో నుండిరి. బడి మూయుట యెంతటి నష్టమో అప్పుడు మనకు తెలిసినది. బడియంతయు మూతపడకుండవలయునన్న, జబ్బుపడిన ఒక్కబిడ్డ కొద్దిదినములు ఇంట నుండవలయును. ఈనాటి ప్రసంగమున నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే. జ్వరముతోనున్న బిడ్డను బడికి పంపరాదు. పంపక యుండుటకు వలయు సదుపాయమును ఊరిపెద్దలు కల్పింపవలయును.

మొదటిభాగమును అందరును అంగీకరింతురు. ఆచరణలో జరుగునది వేరు. నేను పెక్కుసంవత్సరములు బడిపంతులుగ నుంటిని. తెల్లవారుజామున బిడ్డ ఒళ్ళు కాలుచుండగా జ్వరపుమాత్ర యొకటి వేసి, తలదువ్వి, బడికి పంపు తల్లులను చూచితిని. ప్రార్థనవేళకు జ్వరము దిగియుండును. మధ్యాహ్నమునకు మాత్ర బలము తగ్గును. బిడ్డ బల్లపై తలవాల్చును. ఈలోపల ప్రక్కవారికి పంచవలసినది పంచియే యుండును. ఒక సంవత్సరము భాద్రపదమాసమున ఇట్లే సోమవారమున ఒక్కడు వచ్చెను. గురువారమునకు ఆ బల్లపైవారందరు రాలేదు. పై సోమవారమునకు తరగతిలో సగము ఖాళీ. ఇందు వింత యేమియు లేదు. ఈ వ్యాధి సోకిన ఒకటినుండి నాలుగు దినములలో పైకి తేలును. తేలుటకు ఒకదినము ముందునుండియే ఇతరులకు అంటును. తరువాత అయిదారు దినములవరకు, చిన్నపిల్లలలో అంతకంటె ఎక్కువకాలము, అంటుచునే యుండును.

మరి తల్లి యేల పంపును? ఆమెకు ప్రేమ లేకనా? కాదు. ఆమె చెప్పు మాట యిది: "ఏం చెయ్యమంటారండి మాస్టారూ? బడి మానితే హాజరు పోద్దండి. పని మానితే కూలి పోద్దండి. ఇంట్లో చూసేవాళ్ళెవరండి?" ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పక, జ్వరమున్న బిడ్డను పంపవలదని గోడమీద వ్రాసినందున ప్రయోజనము లేదు.

మొదటిది హాజరు. 2020లో అమ్మ ఒడి అను పేరను, 2025లో తల్లికి వందనం అను పేరను ప్రభుత్వము బడిపిల్లల తల్లుల ఖాతాలలో సొమ్ము జమచేసెను. వీనికి నూటికి 75 వంతుల హాజరు నియమముగ పెట్టబడినది. ఒక్కదినము మానినను సొమ్ము రాదేమో యని తల్లుల భయము. లెక్క చూతము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఏటికి 220 దినములు బడి జరుగవలయును. అందు 75 వంతులనగా 165 దినములు. మిగిలినవి 55. అయిదవ తరగతి లోపువారికి 200 దినములు. అందు 75 వంతులు 150, మిగిలినవి 50. ఒక బిడ్డకు ఏటిలో రెండుమారులు జ్వరము వచ్చి, మారునకు అయిదేసి దినములు మానినను పదిదినములే. భయమునకు తావు లేదు. ఈ లెక్కను తల్లులకు విడమరచి చెప్పగలవారు మీరే. ఉపాధ్యాయులకును ఒక విన్నపము. నూటికి నూరు హాజరైన బిడ్డకు బహుమానమిచ్చు ఆచారము కొన్నిచోట్ల కలదు. అది జ్వరమును లెక్కచేయక రమ్మని పిలుచుటయే. ఆ బహుమానమును శుభ్రతకు మార్చుట మేలు.

రెండవది కూలి. కొబ్బరితోటలలో, పీచుపనిలో, వరిచేలలో పనిచేయు తల్లి ఒకపూట మానిన ఆపూట సంపాదన లేదు. నా మాట వినుచున్న మీలో తోటల యజమానులున్నారు. పనివారిని పిలుచు మేస్త్రులున్నారు. బిడ్డకు జ్వరమని తల్లి రాకున్నచో ఆమె పనిని మరియొకరికి శాశ్వతముగ ఇచ్చివేయకుడు. వీలైనచో ఆ రెండుమూడు దినముల కూలి కోయకుడు. అంత చేయలేకున్న, ముందుగ కొంత సొమ్మిచ్చి తరువాత పనిలో సర్దుకొనుడు. ఊరిలో ధర్మకార్యములకు చందాలు వేసికొనుట మనకు క్రొత్తగాదు. ఇదియును ధర్మమే.

మూడవది బిడ్డను చూచువారెవరను ప్రశ్న. వెనుక ఉమ్మడికుటుంబములలో ఈ ప్రశ్నయే పుట్టలేదు. నేడు ఇరుగుపొరుగులే ఉమ్మడికుటుంబము కావలయును. ఏ వీధిలోనైనను పగటివేళ ఇంటనుండు ఆరోగ్యవంతులు ఇద్దరు ముగ్గురు ఉందురు. వారు వంతులు వేసికొని, జబ్బుబిడ్డను గాలి ఆడు వసారాలో మంచముపై పరుండబెట్టి, గంటగంటకు నీరో జావయో త్రాగించుచు చూచికొనవచ్చును. అరువదియైదు దాటిన నావంటివారును, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు కలవారును, గర్భవతులును ఆ పనికి పూనుకొనరాదు. వారికి ఈ జ్వరము సోకిన ప్రమాదము.

బిడ్డ మరల బడికి ఎప్పుడు పోవచ్చును? మందు వేయకుండగనే జ్వరము విడిచి నిండుగ 24 గంటలు గడచినపిదప పోవచ్చును. కొంచెము దగ్గు మిగిలియున్నచో మూతికి గుడ్డ కట్టుకొని పోవలయును. జ్వరము లేక ఉత్త రొంప మాత్రమున్న పిల్లవానిని వారము దినములు మాన్పింప పనిలేదు. వానికి జేబురుమాలు ఇచ్చి, తుమ్ము వచ్చినపుడు దానినిగాని మోచేతి మడతనుగాని అడ్డుపెట్టుకొమ్మని నేర్పి పంపవచ్చును.

ఇక బడిలో చేయవలసిన పనులు. అన్నిటికంటె ముందు గాలి. వాన కురియుచున్నను కిటికీలన్నియు మూయనక్కరలేదు. జల్లుకొట్టు వైపువి మూసి, ఎదుటివైపు కిటికీలను, తలుపులను తెరచియుంచవలయును. జల్లు లోనికి రాకుండ కిటికీపైన చిన్నచూరు దింపించుట ఊరివారికి పెద్దవ్యయము కాదు. వాన వెలిసినప్పుడెల్ల పిల్లలను వరండాలోనికైనను పంపవలయును.

రెండవది చేతుల శుభ్రత. మన కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841 - 1909) ఏవేళ ఎవరు వచ్చినను అన్నముపెట్టి అన్నపూర్ణయని పేరుగాంచిరి. 2024లో ప్రభుత్వము బడులలోని మధ్యాహ్నభోజన పథకమునకు ఆ తల్లి పేరు పెట్టెను. అట్టి పేరుగల భోజనమునకు కూర్చుండుటకు ముందు ప్రతిబిడ్డయు సబ్బుతో చేతులు కడుగుకొనవలదా? ఇన్‌ఫ్లుయెంజా వైరసునకు పైన క్రొవ్వుపొర యొకటి యుండును. సబ్బు ఆ పొరను చీల్చివేయును. ఉత్తనీరు అట్లు చేయలేదు. ఇరువది సెకనులు రుద్దవలయునని వైద్యులందురు. పిల్లలకు సెకనులు తెలియవు. రెండవ యెక్కమును మెల్లగ చెప్పుచు రుద్దుకొమ్మనుడు. చేతులును శుభ్రపడును, యెక్కమును వచ్చును. కుళాయిలు నాలుగే యుండి పిల్లలు రెండువందలున్నచో ఎవరును కడుగుకొనలేరు. కావున కుళాయిలు పనిచేయుచున్నవో లేదో, సబ్బు ఉన్నదో లేదో వారమునకొకమారు పోయి చూచుటకు పెద్దలలో ఒకరిని నియమింపుడు. ప్రతిబిడ్డయు తన గ్లాసును తాను తెచ్చికొనవలయును.

ఇంటివైద్యమును గూర్చి కొన్నిమాటలు. మిరియాలకషాయము, శొంఠి, తులసి, పసుపుపాలు గొంతుకకు హాయి గూర్చును, వానిని మానవలదు. కాని అవి వైరసును చంపునని నమ్మి ప్రమాదలక్షణములను ఉపేక్షింపరాదు. ఆవిరిపట్టునపుడు మరిగిన నీటిగిన్నె బిడ్డ ఒడిలో పెట్టకుడు. అది ఒలికి ఒళ్ళు కాలినచో రొంపకంటె వేయిరెట్లు బాధ. కొబ్బరిబొండము, గంజి, జావ పుష్కలముగ ఇండు. జ్వరమునకు పారాసిటమాల్ బిడ్డ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన కొలతలోనే వేయవలయును. ఆస్పిరిను పిల్లలకు వేయరాదు. ఇన్‌ఫ్లుయెంజాతో నున్న బిడ్డకు అది వేసినచో మెదడును కాలేయమును చెరచు భయంకరవ్యాధి రావచ్చును. దగ్గుమందు సీసాలను దుకాణములో అడిగి తెచ్చుకొనకుడు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతమున విషద్రవ్యము కలిసిన దగ్గుమందు త్రాగి ఎందరో పసిబిడ్డలు మూత్రపిండములు చెడి చనిపోయిరి.

మరియొక దురభ్యాసము కలదు. రొంపకు సయితము యాంటీబయాటిక్ మాత్రలు మ్రింగుట. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలకు నాయకత్వము వహింపగా, 1948లో ఆరియోమైసిన్ అను మహౌషధము లోకమునకు లభించెను. ఆ జాతి మందులు బాక్టీరియాను నిర్జించును. వైరసును ఏమియు చేయజాలవు. పనిలేనిచోట వానిని వాడినందున, పనిపడినవేళకు లొంగని క్రిములు పుట్టుచున్నవి. తెలుగువాడు తోడ్పడి తెచ్చిన అస్త్రమును తెలుగువారే మొక్కపుచ్చుకొనుట తగునా?

ఏ లక్షణములు కనబడినచో ఆలస్యము చేయరాదో వినుడు. బిడ్డ వడివడిగ ఊపిరితీయుట, ప్రక్కటెముకలు లోనికి పోవుట, పెదవులు నీలివన్నె తిరుగుట, నీరు త్రాగలేకపోవుట, పిలిచిన పలుకక మగతగ నుండుట, ఫిట్సు వచ్చుట, తగ్గిన జ్వరము మరల హెచ్చగుట - వీనిలో ఏ ఒక్కటి యున్నను అప్పుడే 108కి ఫోను చేయవలయును. జ్వరము మూడుదినములు దాటినను వైద్యునికి చూపవలయును. వానకాలమున డెంగ్యూ, మలేరియా, టైఫాయిడు జ్వరములును వచ్చును. రక్తపరీక్ష లేనిదే వానిని వేరుపరచుట కష్టము. వరద దినములలో రేవులు ఆగిపోవును, దారులు మునుగును. కావున లంకలవారు నీరు పెరుగకముందే జబ్బుబిడ్డను ఇవతలి యొడ్డునకు చేర్చుట మంచిది. ఇన్‌ఫ్లుయెంజాకు ప్రత్యేకమైన మందు కలదు. అది మొదటి రెండుదినములలో మొదలుపెట్టిననే ఎక్కువ గుణమిచ్చును, వైద్యుడే నిర్ణయింపవలయును.

ఇన్‌ఫ్లుయెంజాకు టీకాయును కలదు. వైరసు ఏటేట రూపు మార్చుకొనును గనుక టీకాను ఏటేట వేయించుకొనవలయును. వేసిన రెండువారములకు రక్షణ కలుగును. పిల్లలకు ఉచితముగ వేయు సార్వత్రిక టీకాలలో ఇది చేరియుండలేదు. కావున ఉబ్బసము మున్నగు దీర్ఘవ్యాధులుగల పిల్లలకును, పెద్దవయసు వారికిని వేయించు విషయమై వైద్యుని అడుగుడు. జపానుదేశమున 1962 మొదలు పెక్కుసంవత్సరములు బడిపిల్లలకు ఈ టీకా వేసిరి. 1994లో మానిరి. 2001లో ప్రకటింపబడిన పరిశోధనములో తేలినదేమన, పిల్లలకు టీకా వేసినంతకాలము ఆ దేశమున ముసలివారి మరణములు తగ్గియుండెను; మానినపిదప పెరిగెను. సుమారు 420 మంది పిల్లలకు టీకా వేసినందున ఒక్కప్రాణము నిలిచినదని వారు లెక్కకట్టిరి. బడిలో బిడ్డను కాపాడుట మన మంచమును మనము కాపాడుకొనుటయే యని దీనివలన తెలియుచున్నది.

తుదకు ఒక హెచ్చరిక. జబ్బుబిడ్డను ఇంటనుంచుట వేరు, వెలివేయుట వేరు. ఎంగిలి పాటింపుమని చెప్పితిని. కాని శుచి పేరు చెప్పి మనుష్యుని మనుష్యుడు దూరముగ నిలబెట్టిన పాపము మన దేశమున ఎంత జరిగినదో మీరెరుగుదురు. వైరసునకు కులము లేదు, గోత్రము లేదు. పేటలోని బిడ్డకు జ్వరము వచ్చినను, పెద్దయింటి బిడ్డకు వచ్చినను నియమ మొక్కటే కావలయును. జ్వరము విడిచి బడికి వచ్చిన బిడ్డను పేరుపెట్టి ఎగతాళి చేయరాదు, వెనుకబల్లకు త్రోయరాదు. వాడు మానిన దినముల పాఠమును తోటివాడు తిరిగి వ్రాసియిచ్చునట్లు చూడవలయును. అపుడే తల్లి మరియొకమారు జ్వరమును దాచక చెప్పును. దాచిన జ్వరమే బడికి శత్రువు.

పెద్దలారా! నేను కోరునవి గొప్ప సదుపాయములు కావు. ఈ వానకాలమున ఒకనాటి సాయంకాలము రచ్చబండకడ కూర్చుండి, హాజరులెక్క తల్లులకు చెప్పుడు. వీధివీధికి జబ్బుబిడ్డలను చూచువారిని ఏర్పరచుడు. తోటయజమానులచేత కూలిమాట అనిపింపుడు. బడిలో సబ్బు, కుళాయి, కిటికీ ఈ మూడింటిని విచారింపుడు. ఆశా కార్యకర్తను, ఉపాధ్యాయులను ఆ కూటమికి పిలువుడు. ఇంతమాత్రముతో రొంప లోకమునుండి తొలగిపోదు. కాని ఒక బిడ్డ తుమ్ము ఒక బిడ్డతోనే నిలుచును. బడిగంట ఆగకుండ మ్రోగును.